‘త’ ఎక్కడికి పోతుంది? మలయ్ నుంచి మలగాసీ దాకా నా పరిశోధన అనుభవం

మలయ్ భాషకి ఇండోనేషియాలో వాడే రూపమే ఇండోనేషియన్, అందులో తులిస్ అంటే రాయడం. దానికి ముందు మెఙ్ అనే ముక్క తగిలిస్తే వాక్యంలో పెట్టుకునే క్రియ తయారవుతుంది. మన లెక్క ప్రకారం మెంతులిస్ అవ్వాలి కదా, అవదు, మెనులిస్ అవుతుంది. త ఉండదు, దాని జాగాలో న వచ్చేస్తుంది. పుకుల్ అంటే కొట్టడం, అది మెముకుల్. కిరిమ్ అంటే పంపడం, అది మెఙిరిమ్. సాపు అంటే ఊడవడం, అది మెఞాపు. నా పీహెచ్‌డీ మొత్తం ఇలా మాయమైపోయే అక్షరాల గురించే, అవి ఎందుకు పోతాయి, ఎప్పుడు పోవు, ఏ ఏ భాషల్లో పోతాయి అని.

ఒక్కసారి మన వర్ణమాల గుర్తు తెచ్చుకోండి. ప వరుసలో చివర మ, త వరుసలో చివర న, క వరుసలో చివర ఙ. పైన జరిగింది సరిగ్గా అదే, ఏ వరుసలో అక్షరం పోయిందో ఆ వరుస చివరనున్న ముక్కు అక్షరం వచ్చింది, స ఒక్కటే చ వరుసలోకి వెళ్ళి ఞ తెచ్చుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఈ వరుసలు కంటికి ఆనవు, తెలుగు లిపిలో రాసుకుంటే మొదటి పేజీలోనే కనిపిస్తాయి, అందుకే నా ఫీల్డ్ నోట్స్ అన్నీ తెలుగు లిపిలోనే ఉంటాయి. చిన్నప్పుడు బడిలో ఙ, ఞ అక్షరాల దగ్గరికి రాగానే చెప్పడానికి పదం లేక దాటేసేవాళ్ళు, ఈ భాషల్లో ఆ రెండూ లేకుండా ఒక పూట గడవదు, మాట మొదట్లో కూడా వస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. బ, ద, గ లతో మొదలయ్యే మాటలకి ఇలా జరగదు. బెలి అంటే కొనడం, అది మెంబెలి. దెఙర్ అంటే వినడం, మెందెఙర్. గంతి అంటే మార్చడం, మెఙ్గంతి. బ, ద, గ ఎక్కడివక్కడే ఉన్నాయి, కదల్లేదు. పదో తరగతి వ్యాకరణం గుర్తున్నవాళ్ళకి కచటతపలు పరుషాలు, గజడదబలు సరళాలు అని తెలుసు కదా, ఆ మాటల్లో చెప్పాలంటే ముక్కు అక్షరం తర్వాత పరుషం వస్తే పోతుంది, సరళం వస్తే నిలబడుతుంది. ఇండోనేషియాలో బడి పిల్లలకి ఇది మామూలు పాఠమే, కా-పే-ఎస్-తే అని నాలుగు అక్షరాలు గుర్తుపెట్టించి ఇవి లులుహ్ అవుతాయని చెప్తారు, అంటే కరిగిపోతాయని. నాకు ఆ మాట చాలా నచ్చింది, కాబట్టి ఇక్కడ నేను కూడా కరగడం అనే రాస్తాను, లింగ్విస్టిక్స్‌లో దీనికి నేసల్ సబ్‌స్టిట్యూషన్ అని పేరు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం: ఆస్ట్రోనేషియన్ అనేది 1200కి పైగా భాషలున్న కుటుంబం. తైవాన్ ఆదివాసీ భాషలు, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మలేషియా, ఇటు పసిఫిక్‌లో హవాయి, న్యూజీలాండ్, ఈస్టర్ ఐలాండ్, అటు పడమర ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్. కన్నుని మలయ్‌లో మాత అంటారు, ఫిలిప్పీన్స్ తగలోగ్‌లో మాత, సమోవాలో మాత, హవాయిలో త క అయిపోయి మాక, మడగాస్కర్‌లో మాసు. ఈ పోలిక కొత్తగా కనిపెట్టింది కాదు, 1603లోనే ఫ్రెడెరిక్ డి హౌట్‌మన్ అనే డచ్ నావికుడు మలయ్‌నీ మడగాస్కర్ భాష మలగాసీనీ కలిపి ఒక పదాల పుస్తకం అచ్చేశాడు.

నేను హైదరాబాద్‌లో లింగ్విస్టిక్స్ ఎమ్మే చేసేటప్పుడు చదివిందంతా ద్రావిడ భాషల మీదే. పీహెచ్‌డీకి బయటికి వెళ్ళాక ఇండోనేషియన్ క్లాసులో చేరాను, అక్కడ ఈ కరిగే అక్షరాలు చూశాక ఇంక వేరే టాపిక్ మీదకి మనసు పోలేదు. మా గైడ్ గారు మొదటి మీటింగ్‌లో చెప్పింది ఒకటే, సిద్ధాంతాలు తర్వాత చదువుదువుగానీ ముందు లెక్కపెట్టు అని. అంటే డిక్షనరీ తీసుకుని క, ప, త, స లతో మొదలయ్యే ప్రతి క్రియా ధాతువుకీ ఎదురుగా కరిగిందా, కరగలేదా, రెండు రకాలుగా వాడుతున్నారా అని రాసుకోవాలి, ఆ మాట సొంతదా అరువుదా, ఎన్ని అక్షరాలు, మొదట్లో ఒత్తు ఉందా లేదా, ఇవన్నీ పక్క కాలమ్స్‌లో. ఇండోనేషియా ప్రభుత్వం వేసే పెద్ద నిఘంటువు ఉంది, కేబీబీఐ అంటారు, మొదటి ఎడిషన్ 1988లో వచ్చింది, ఇప్పుడు ఆన్‌లైన్లో ఉంది, దాంతో మొదలుపెట్టాను. ఇది గుమాస్తా పని అని తోటి స్టూడెంట్స్ కొందరు అనేవాళ్ళు, నేను మాత్రం ఒప్పుకోను, పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉన్న రూల్ నిజంగా ఎంతవరకు నడుస్తోందో, ఎక్కడ తడబడుతోందో ఈ షీట్లు నింపుతుంటేనే తెలిసొచ్చింది.

తడబడే చోట్లు ఎంత బావుంటాయో చెప్తాను. కాజి అనే ధాతువు ఉంది, దాన్నుంచి మెఙాజి వస్తుంది, మెఙ్కాజి కూడా వస్తుంది. క కరిగిన మెఙాజి అంటే ఖురాన్ చదవడం, క నిలిచిన మెఙ్కాజి అంటే ఒక విషయాన్ని పరిశోధించడం. జావా దీవిలోని జోగ్యకర్తాలో నేను అద్దెకున్న ఇంటి ఆవిడ, ఇబు అని పిలిచేదాన్ని, ఇబు అంటే అమ్మ, మన దగ్గర పెద్దావిడని అమ్మా అన్నట్టే, ఆవిడని అడిగితే "సాయంత్రం పిల్లలు మసీదులో చేసేది మెఙాజి, నువ్వు పొద్దున్నించీ లాప్‌టాప్ ముందు చేసేది మెఙ్కాజి" అని తేల్చేసింది. ఒకే రూల్‌ని ఒక మాటకి వర్తింపజేసి, పక్కన మానేసి, భాష రెండు మాటలు సంపాదించుకుంది.

ఇంకోటి పెఙారుహ్, ప్రభావం అని అర్థం. నిఘంటువు ప్రకారం మెమెఙారుహి అనాలి, మొన్న మొన్నటిదాకా పేపర్లలో ఎక్కువగా మెంపెఙారుహి అనే ఉండేది, ఇప్పటికీ చాలామంది అలాగే రాస్తారు. ఎందుకంటే ఇండోనేషియన్‌లో పె, పెర్ అని మొదలయ్యే ఉపసర్గలున్నాయి, ఉపసర్గలోని ప కరగదు, ఉదాహరణకి బెసర్ అంటే పెద్ద, మెంపెర్‌బెసర్ అంటే పెద్దది చెయ్యడం, అక్కడ ప గట్టిగా ఉంటుంది. పెఙారుహ్‌లోని పె కూడా అలాంటిదే అని జనం చెవికి అనిపిస్తోంది కాబట్టి కరిగించడంలేదు. దీన్ని తప్పు అనేసి వదిలేస్తే ఏమీ తెలీదు, జనం మాటని ఎక్కడ విరగ్గొట్టి చూస్తున్నారో ఈ ‘తప్పు’లే చెప్తాయి.

అరువు మాటల దగ్గర నేను చాలాకాలం ఉండిపోయాను, అంత సరుకుంది. రోజువారీ మాటల్లో మె కూడా వదిలేసి ఒక్క ముక్కు అక్షరమే మిగుల్చుకుంటారు. కోపి అంటే కాఫీ, కాఫీ తాగడం ఙోపి. తెలెపోన్ చెయ్యడం నెల్పోన్. డచ్ వాళ్ళ నుంచి వచ్చిన పోత్రెత్, ఫోటో తియ్యడం మోత్రెత్. సెతిర్ అంటే స్టీరింగ్, అదీ డచ్చే, కారు నడపడం ఞెతిర్. చూశారా, ఎప్పుడో వచ్చి ఇంటి మాటలైపోయినవి చక్కగా కరిగిపోయాయి. ప్రింట్, క్లిక్, పోస్ట్ ఇవి ఈ మధ్యవి, ఒకే అక్షరం, అంటే పలకడంలో ఒకే అచ్చు, ఉన్న పొట్టి మాటలు, వీటికి ఙె అనే ముక్క ముందు పెట్టి ఙెప్రింట్, ఙెక్లిక్, ఙెపోస్ట్ అంటారు, మాట లోపల ఏమీ పోదు. ఒక్క అక్షరం మాటలన్నిటికీ ఇంతే, తెహ్ అంటే టీ, టీ తాగడం ఙెతెహ్, అందుకే కాఫీలో క పోతుంది, టీలో త పోదు. రాసే భాషలో చూస్తే ప్రోతెస్ అనే మాట మెంప్రోతెస్ అవుతుంది, క్రితిక్ మెఙ్క్రితిక్ అవుతుంది, మొదట్లో రెండు హల్లులు కలిసున్నాయి కాబట్టి ప, క చెక్కుచెదరవు. పాతగా వచ్చిన మాటకీ నిన్న వచ్చిన మాటకీ తేడా జనం ఎక్కడా నేర్చుకోరు, అయినా నోట్లో ఆ తేడా పాటిస్తారు. నాకు ఈ రంగం మీద ప్రేమ ఇలాంటి చోట్లే పెరిగింది.

డిక్షనరీ పని అయ్యాక రికార్డింగులు. ఇండోనేషియాలో విదేశీ పరిశోధకులు ఫీల్డ్‌వర్క్ చెయ్యాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, మాట్లాడేవాళ్ళ దగ్గర సంతకంతో సమ్మతి తీసుకోవాలి, అదంతా పూర్తిచేసుకుని జోగ్యలో మొదలుపెట్టాను. అక్కడ ఇంట్లో మాట్లాడే భాష జావనీస్, బడిలో ఆఫీసులో ఇండోనేషియన్, ఇది గుర్తుపెట్టుకోకపోతే ఏది దేన్నుంచి వస్తోందో కలగాపులగం అయిపోతుంది. జావనీస్‌లో ఈ ఉపసర్గ ఒట్టి ముక్కు శబ్దమే, తులిస్ నులిస్ అవుతుంది, కిరిమ్ ఙిరిమ్ అవుతుంది. సరళాలైతే పోకుండా ముక్కుతో కలిసి వస్తాయి, తెరవడం మ్బుకాక్, చూడ్డం న్దెలెఙ్, తీసుకుపోవడం ఙ్గొవొ. ఇలాంటి మాటల మొదట్లో ఆ మ్బ, న్ద, ఙ్గ లు వినడానికి చెవి అలవాటుపడాలి, అలవాటుపడ్డాక మాత్రం చాలా అందంగా ఉంటాయి.

గది సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పని చెయ్యాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది. మోటర్‌సైకిళ్ళు, కోళ్ళు, అజాన్, పక్కింటి టీవీ, ఇవేవీ లేని చోటు ఊళ్ళో దొరకదు. పరుపులు నిలబెట్టి, దుప్పట్లు వేలాడదీసి ఒక లోపలి గదిని సిద్ధం చేసుకున్నాం, మైకు నోటికి ఎదురుగా కాకుండా పక్కకి పెట్టాం, లేకపోతే ప అన్నప్పుడల్లా గాలి తగిలి రికార్డింగ్ పాడవుతుంది. అడగాల్సిన మాటని ఒకే రకం వాక్యంలో పెట్టి చదివించాలి, విడిగా చదివిస్తే ప్రతి ఒక్కరూ టీచర్‌లా ఒత్తి పలుకుతారు. ఆ తర్వాత భాషలో అసలు లేని మాటలు కొన్ని తయారుచేసి ఇచ్చి, "ఇదో కొత్త పని అనుకోండి, ఆ పని చేస్తున్నాడు అని చెప్పండి" అని అడిగాను. పరుషంతో మొదలయ్యే కల్పిత మాటల్ని చాలామంది ఆలోచించకుండా కరిగించేశారు, కొందరు ఆగి, మాట పోల్చుకోలేమేమో అన్నట్టు పరుషాన్ని ఉంచేశారు. సరళంతో మొదలయ్యేవాటిని ఒక్కరూ కరిగించలేదు. ఎప్పుడూ వినని మాటకి కూడా ఇలా చేశారంటే ఇది కంఠస్థం చేసిన జాబితా కాదు, వాళ్ళ తలలో రూల్‌గానే ఉంది అన్నమాట.

ప్రాట్ అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో తయారైంది, ధ్వనుల మీద పనిచేసే ప్రతివాళ్ళూ దాంతోనే బతుకుతారు. అందులో ధ్వని బొమ్మ పెట్టుకుని ధాతువు లోపలున్న ంత, ంప లని చూశాను. అవును, ధాతువు లోపల ఇవి హాయిగా ఉంటాయి, మింత అంటే అడగడం, ఎంపత్ అంటే నాలుగు, తఙ్కప్ అంటే పట్టుకోవడం. ఉపసర్గ వచ్చి ధాతువుకి అతికే అతుకు దగ్గర మాత్రమే కుదరదు. ధాతువు లోపల ఉన్నచోట కూడా న నుంచి త లోకి వెళ్ళేటప్పుడు, త మొదట్లో కాసేపు గొంతు కంపనం ఆగకుండా సాగుతూనే ఉంటుంది. కారణం నోట్లో ఉంది. ముక్కు అక్షరం పలకాలంటే అంగిలి వెనక మెత్తటి భాగం కిందకి దిగాలి, త పలకాలంటే అది పైకి లేచి ముక్కు దారి మూసెయ్యాలి, కానీ అది బరువైన తలుపులా నెమ్మదిగా మూసుకుంటుంది, ఈలోగా ముక్కులోంచి గాలి కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది, గాలి పోతున్నంతసేపూ స్వరతంత్రులు కదలడం తేలిక. అంటే న తర్వాత ద పలకడం సుఖం, త పలకాలంటే కంపనాన్ని పనిగట్టుకుని ఆపాలి.

ఈ ఇబ్బందిని ఒక్కో భాష ఒక్కోలా తీర్చుకుంటుంది. జో పేటర్ అనే లింగ్విస్ట్ 1999లో దీన్నే వాదించాడు, ముక్కు అక్షరం పక్కన పరుషం అనేదే అసలు సమస్య, ఇండోనేషియన్‌లో కరగడం దానికి ఒక మందు మాత్రమే, వేరే భాషల్లో వేరే మందులున్నాయి అని. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో మందార్ అని ఒక భాష ఉంది, అందులో మఙ్‌కి తును, అంటే కాల్చడం, చేరిస్తే మత్తును అవుతుంది, ముక్కు శబ్దమే పోయి త ద్విత్వమైంది, సరళమైతే మందుందు, తాగడం, ఏ గొడవా లేదు. సుమత్రాలో తోబా బతక్ వాళ్ళు తిఙ్కి అని రాసి తిక్కి అని చదువుతారు. జపనీస్‌లో శిన్‌కి తె చేరితే శిందె, త ద అయిపోయింది.

ఆ పేపర్ చదువుతున్నప్పుడు నాకు చిన్నయసూరి గుర్తొచ్చాడు. ద్రుతప్రకృతికము మీది పరుషములకు సరళములగు. పూచెను కలువలు కలిస్తే పూచెఁ గలువలు. ద్రుతం అంటే న కారమే కదా, దాని తర్వాత క గ అవుతుంది, త ద అవుతుంది, ప బ అవుతుంది. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో ఉన్న ఈ సూత్రాన్ని సరళాదేశ సంధి అని మార్కుల కోసం బట్టీపట్టిన మనం, అది ముక్కు దగ్గర గాలి సంగతి అని ఎప్పుడూ అనుకోలేదు. మలయ్ వాళ్ళు పరుషాన్ని కరిగిస్తే, మన పూర్వులు సరళం చేసుకున్నారు, సమస్య ఒకటే. తమిళంలో ఇప్పటికీ ముక్కు అక్షరం తర్వాత క చ ట త ప రాసి గ జ డ ద బ చదువుతారు.

ఇంకా ముందుకెళ్తే ద్రావిడంలోనే మూడు రకాలూ దొరుకుతాయి. తమిళంలో పాంబు, తెలుగులో పాము, కన్నడలో హావు. తమిళంలో వేంబు, మనకి వేము, తినగ తినగ వేము తియ్యనుండు అన్న వేము, కన్నడలో బేవు. తమిళం రెండూ ఉంచుకుంది, మనం బ వదిలి మ ఉంచుకున్నాం, కన్నడం మ నే వదిలేసింది. ఇది మెనులిస్‌లో జరిగినదే అని నేను అనడంలేదు, ఇది మాట లోపల, వందల ఏళ్ళలో జరిగిన మార్పు, అది అతుకు దగ్గర ఈ రోజుకీ పనిచేస్తున్న రూల్, పైగా ఇక్కడ పోయింది సరళమైన బ. కానీ ముక్కు అక్షరం పక్క అక్షరాన్ని ఎలా తినేస్తుందో తెలుగువాళ్ళకి చెప్పాలంటే పాము కంటే దగ్గరి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇక్కడిదాకా కథ చక్కగా ఉంది, తగలోగ్ దగ్గరికి రాగానే చిక్కుపడుతుంది. తగలోగ్‌లో పరుషాలు దాదాపు ఎప్పుడూ కరుగుతాయి, తాహి అంటే కుట్టడం, మననాహి అంటే దర్జీ, సులాత్ అంటే రాత, మనునులాత్ అంటే రచయిత. కానీ సరళాలు కూడా కరుగుతాయి, అన్నీ కాదు, కొన్నే. బాయన్ అంటే దేశం, మమమాయన్ అంటే పౌరుడు, బ పోయింది. బాసా అంటే చదవడం, మంబబాసా అంటే పాఠకుడు, బ ఉంది. ప్రభుత్వాన్ని పమహలాఅన్ అంటారు, అది బహాలా నుంచి వచ్చింది, బ పోయింది. దాగత్ అంటే సముద్రం, మందరాగత్ అంటే నావికుడు, ద ఉంది. గమోత్ అంటే మందు, మఙ్గగమోత్ అంటే వైద్యం చేసేవాడు, గ ఉంది. అమెరికాలో యూసీఎల్‌ఏ అనే యూనివర్సిటీలో కై జురా అనే ఆవిడ 2000లో పూర్తిచేసిన థీసిస్ నుంచి దీనిమీద పనిచేసింది, డిక్షనరీలో మాటలన్నీ లెక్కపెట్టి ఇది ఇష్టమొచ్చినట్టు జరగడంలేదని చూపించింది. బ చాలాసార్లు కరుగుతుంది, ద అంతకంటే తక్కువ, గ చాలా అరుదు. పెదాల నుంచి గొంతు వైపు వెనక్కి వెళ్ళే కొద్దీ తగ్గుతుంది.

ఎందుకలా అంటే, బ కరిగితే ధాతువు మ తో మొదలవుతుంది, ద అయితే న తో, గ అయితే ఙ తో. మాట మొదట్లో మ అనేది దాదాపు ప్రతి భాషకీ ఇష్టం, ఙ అంటే చాలా భాషలకి పడదు. మన తెలుగులో ఙ తో మొదలయ్యే మాట లేనే లేదు. ఫిలిప్పీన్స్‌లో దావావోలో మన తెలుగు పిల్లలు చాలామంది ఎంబీబీఎస్ చదువుతున్నారు, మా పిన్ని కూతురు కూడా అక్కడే చదివింది, తగలోగ్‌లో ‘ఇప్పుడు’ అనడానికి ఙయోన్ అనాలి, తను మొదట్లో నయోన్ అనో గయోన్ అనో అనేదట. నాలుక అలవాటు అంటే అదే.

ఇక్కడే నా అభిప్రాయం ఒకటి ఉంది. పరుషం పక్కన ముక్కు అక్షరం కష్టం అనే ఒక్క కారణంతో తగలోగ్ కుదరదు, ఎందుకంటే సరళం పక్కన ముక్కు అక్షరానికి ఏ కష్టమూ లేదు, అయినా బ పోతోంది. హవాయి యూనివర్సిటీలో జీవితమంతా ఈ భాషల మీదే పనిచేసిన రాబర్ట్ బ్లస్ట్, 2022లో చనిపోయారు, ఆయన 2004లో ఎన్నో భాషల్లో దీన్ని పక్కపక్కన పెట్టి సర్వే చేశారు. అదంతా చదివి, నా లెక్కలు చూసుకుని నేను అనుకునేది, మొదలు గాలి వల్లే అయినా తర్వాత ఈ కరగడం అనేది "ఇది ఫలానా రకం క్రియ" అని చెప్పే గుర్తుగా మారిపోయింది, ఆ గుర్తు కొన్ని భాషల్లో పరుషాల దగ్గర ఆగింది, కొన్నింట్లో సరళాలకి కూడా పాకింది. సరళాల్ని కరిగించి పరుషాల్ని వదిలేసే భాష మాత్రం నా షీట్లలో ఒక్కటీ లేదు.

మడగాస్కర్ నన్ను చాలా కదిలించింది. మలగాసీకి దగ్గరి చుట్టం పక్కనున్న ఆఫ్రికాలో లేదు, బోర్నియో దీవిలో బరితో నది ప్రాంతంలోని మాఅన్యన్ భాష, ఒట్టో డాల్ అనే నార్వే ఆయన 1951లో దీన్ని చూపించాడు. మధ్యలో హిందూ మహాసముద్రం అంతా ఉంది. మలగాసీలో సూరట్ర అంటే రాత, రాయడం మనూరట్ర. మలయ్‌లో సురాత్ అంటే ఉత్తరం, ఉత్తరం రాయడం మెఞురాతి. తగలోగ్‌లో సులాత్, మనునులాత్. మూడింట్లోనూ స కరిగింది. తపాక అంటే తెగినది, తెంచడం మనపాక. వాకి అంటే పగిలినది, పగలగొట్టడం మమాకి, పుస్తకం చదవడానికి కూడా మమాకి అనే అంటారు. మలగాసీ వ పాత కాలం బ నుంచి వచ్చింది, అంటే ఇక్కడ కూడా బ కరిగినట్టే. దిది అంటే ఆజ్ఞ, ఆజ్ఞాపించడం మందిది, ద నిలబడింది. బ పోయి ద ఉంది, తగలోగ్‌లో చూసిన వరసే. ఆ టేబుల్‌లో ఆ గడి నింపిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మరి మలయ్‌లో బ ఎందుకు కరగదు? మెంబావా అంటారు, తీసుకెళ్ళడం, బ గట్టిగా ఉంది. దీనికి జవాబు ఒక రాతి మీద దొరికింది. సుమత్రాలో పలెంబాంగ్ దగ్గర కెదుకన్ బుకిత్ అనే చోట 1920లో ఒక శాసనం బయటపడింది, సామాన్య శకం 683 నాటిది, శ్రీవిజయ రాజ్యానిది, పాత మలయ్ భాషలో పల్లవ లిపిలో ఉంది. మన తెలుగు లిపికీ ఆ లిపికీ మూలం ఒకటే కాబట్టి ఫోటోలో అక్షరాలు పోల్చుకుంటూ కూర్చున్నాను. రాజు పడవెక్కి ‘మఙలప్ సిద్ధయాత్ర’ అని ఉంది, సిద్ధయాత్ర పొందడానికి అని, అలప్ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ముందున్న ముక్కు శబ్దం ఙ గా కనిపిస్తోంది. కొంచెం కిందకి ‘మమావ యం వల దువలక్ష’. వల అంటే మన బలమే, సైన్యం, లక్ష అంటే ఆ భాషలో పదివేలు, రెండు లక్షలంటే ఇరవై వేల సైన్యాన్ని వెంటబెట్టుకుని అని. ఆ మమావ అనేదే నేటి మెంబావా. 683లో బ కరిగే ఉంది! ఇప్పుడు నిలబడే బ ఆనాటి పాత మలయ్‌లో తగలోగ్‌లా, మలగాసీలా పోయింది. కరగడం అనేది ఎప్పుడూ పెరుగుతూనే పోతుందనుకుంటే సరిపోదు, వెనక్కి తగ్గగలదు కూడా, తగ్గేటప్పుడు మొదట వదిలేసేది సరళాల్నే.

ఒక్క చ మాత్రం ఇంకా తేలలేదు. పరుషమే కదా, అయినా బడి ఇండోనేషియన్‌లో కరగదు, చారి అంటే వెతకడం, మెఞ్చారి అవుతుంది, చ చక్కగా ఉంటుంది, కా-పే-ఎస్-తే లో కూడా దానికి చోటు లేదు. జకార్తా కుర్రాళ్ళు మాత్రం ఞారి అనేస్తారు, చుచి అంటే ఉతకడం, ఞుచి. జావనీస్‌లో ఎప్పట్నించో కరుగుతుంది, చెకెల్ అంటే పట్టుకోవడం, ఞెకెల్. చ పలికేటప్పుడు నాలుక పూర్తిగా ఆపి మెల్లగా వదులుతుంది, సగం త లాగా సగం స లాగా, ముక్కు దారి మూసుకోడానికి దానివల్ల ఎక్కువ టైం దొరుకుతుందా అని నా అనుమానం, లేదంటే అది రాతభాష పట్టుదల మాత్రమే అయ్యుండొచ్చు. ముక్కు గాలినీ నోటి గాలినీ విడివిడిగా కొలిచే మాస్క్ పెట్టి, జకార్తాలో పెరిగినవాళ్ళనీ జోగ్యలో పెరిగినవాళ్ళనీ ఒకే మాటలు చదివించి రికార్డ్ చేస్తున్నాం. జోగ్య వాళ్ళవి అయ్యాయి, జకార్తా వాళ్ళవి నడుస్తున్నాయి.